గుండె దడకు పేరు పెట్టేది ఎవరు?

కొన్నేళ్ల క్రితం ఒక ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం హైదరాబాదులో ఒక కార్యాలయం ముందు గదిలో కూర్చుని ఉన్నాను. రాత్రంతా రైలు ప్రయాణం. పొద్దున ఏమీ తినలేదు, కాఫీ మాత్రం రెండుసార్లు తాగాను. నన్ను పిలవడానికి పది నిమిషాల ముందు గుండె దడ మొదలైంది. అరచేతులు తడిసిపోయాయి, వేళ్లు సన్నగా వణికాయి. 'భయపడుతున్నాను' అనుకున్నాను. అనుకున్న మరుక్షణం నిజంగానే భయం వేసింది. లోపలికి వెళ్లి, తెలిసిన జవాబులు కూడా తడబడుతూ చెప్పి వచ్చాను. బయట హోటల్లో నాలుగు ఇడ్లీలు తిన్నాక దడ తగ్గింది. అప్పుడు అనుమానం వచ్చింది: ఇంతకూ అది భయమా, కాఫీయా?

ఈ అనుమానానికి పెద్ద చరిత్రే ఉంది. 1884లో అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 'ఉద్వేగం అంటే ఏమిటి' అనే వ్యాసం రాసి, అందరూ అనుకునే వరుసను తిరగేశాడు. ఎలుగుబంటి కనబడింది, భయం వేసింది, పరుగెత్తాం అని మనం అనుకుంటాం. ఆయన లెక్కలో ముందు ఒళ్లు కదులుతుంది. గుండె అదురుతుంది, కాళ్లు పరుగందుకుంటాయి. ఆ కలవరం మనకు తెలిసి రావడమే భయం. ఏడుస్తున్నాం కాబట్టే దుఃఖం కలుగుతోందన్నమాట. వినడానికి వింతగా ఉంటుంది కానీ కొట్టిపారేయలేం. భయంలోంచి దడ, చెమట, నోరెండిపోవడం, కాళ్లలో సత్తువ పోవడం అన్నీ తీసేసి చూడండి, ఇక మిగిలేదేమిటి అని ఆయన అడిగాడు. 'ఇది ప్రమాదం' అనే ఒక పొడి అభిప్రాయం మిగులుతుంది. దాన్ని భయం అనలేం.

చిక్కు మరోచోట వచ్చింది. ఒంటి మార్పే ఉద్వేగమైతే, భయానికి ఒక రకం మార్పు, కోపానికి మరో రకం, సంతోషానికి ఇంకో రకం ఉండాలి. 1927లో హార్వర్డ్ శరీర శాస్త్రవేత్త వాల్టర్ కానన్ సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు. భయంలోనూ కోపంలోనూ గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. జ్వరం వచ్చినా, చలిలో నిలబడినా ఇంచుమించు అవే మార్పులు. అయినా జ్వరం వచ్చిన వాళ్లందరికీ కోపం రాదు కదా! అంతకు మూడేళ్ల ముందు స్పెయిన్‌లో గ్రెగోరియో మరాన్యోన్ అనే వైద్యుడు రెండు వందల మందికి పైగా రోగులకు గుండె వేగాన్ని పెంచే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి, ఎలా ఉందని అడిగాడు. చాలామంది ఒంట్లో మార్పులు మాత్రమే చెప్పారు. ఉద్వేగం గురించి చెప్పినవారిలో ఎక్కువమంది వాడిన మాట చిత్రమైనది: భయపడినట్టుగా ఉంది, కానీ భయం లేదు.

ఇక్కడ ఒక్క క్షణం నాట్యశాస్త్రం తెరవాలి. భరతుడు భావాలను నలభై తొమ్మిదిగా లెక్కపెట్టాడు. వాటిలో ఎనిమిది సాత్త్విక భావాలు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఒళ్లు కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు బొంగురుపోవడం, వణుకు, పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. కూచిపూడి నేర్చుకున్న పిల్లలు వీటిని వరుసగా అప్పజెబుతారు. వాటిలో ఒక్కొక్కటి ఎందుకు పుడుతుందో ఏడో అధ్యాయంలో చెప్పిన తీరు చూడండి. చెమట కోపం వల్ల, భయం వల్ల, సంతోషం వల్ల, సిగ్గు వల్ల, దుఃఖం వల్ల, శ్రమ వల్ల, రోగం వల్ల, ఎండ వల్ల. రోమాంచం స్పర్శ వల్ల, భయం వల్ల, చలి వల్ల, హర్షం వల్ల, కోపం వల్ల, రోగం వల్ల. కన్నీటికి ఆనందం, శోకంతోపాటు పొగ, కాటుక, ఆవులింత కూడా కారణాలే. కానన్ చెప్పిన జ్వరమూ చలీ ఇక్కడ భయమూ కోపాల పక్కనే కూర్చుని ఉన్నాయి.

ఆధునిక శాస్త్రం కనిపెట్టినవన్నీ మనవాళ్లకు ముందే తెలుసు అనే వాదన కోసం ఇది చెప్పడం లేదు. ఆ వాదన వింటే నాకు ఆవులింత వస్తుంది, కన్నీటికి అదీ ఒక కారణమే. భరతుడు ప్రయోగాలు చేయలేదు, నటులకు పాఠం చెప్పాడు. కానీ నటుడి ఇబ్బంది మన ఇబ్బందే. వేదిక మీద ఒట్టి వణుకు చూపిస్తే చూసేవాడికి అది చలో భయమో తెలియదు. తెలియాలంటే విభావం కావాలి, అంటే ఎదుట పులి ఉందో ప్రియుడు ఉన్నాడో కనబడాలి. ఒళ్లు ముడి సరుకును ఇస్తుంది, సందర్భం దానికి పేరు పెడుతుంది.

1962లో స్టాన్లీ షాక్టర్, జెరోమ్ సింగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే ప్రయోగశాలలో పరీక్షించారు. చూపు మీద ఒక విటమిన్ ప్రభావాన్ని పరిశీలిస్తున్నామని చెప్పి విద్యార్థులకు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొందరికి గుండె దడ వస్తుందని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పలేదు. కొందరికి కాళ్లు తిమ్మిరెక్కుతాయి, దురద వస్తుంది అని తప్పు చెప్పారు. తరువాత ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో కూర్చోబెట్టారు. అక్కడ తోటి విద్యార్థిలా నటించే మనిషి ఒకడుంటాడు. ఒక గదిలో అతను కాగితం విమానాలు ఎగరేస్తూ కేరింతలు కొడతాడు. మరో గదిలో ఒక ప్రశ్నపత్రం నింపుతూ చిర్రుబుర్రులాడతాడు. ఆ ప్రశ్నపత్రం కూడా కోపం తెప్పించడానికే తయారు చేశారు. మీ అమ్మగారికి మీ నాన్నగారు కాక ఎంతమందితో సంబంధాలు ఉండేవి అని అడిగి, 'నాలుగు లేదా అంతకు తక్కువ' నుంచి మొదలుపెట్టింది, సున్నాకు చోటే లేదు. తమ దడకు కారణం తెలియని వాళ్లు పక్కవాడి సంతోషాన్నో కోపాన్నో అంటించుకున్నారనీ, కారణం తెలిసినవాళ్లు అంతగా అంటించుకోలేదనీ ఫలితం.

పాఠ్యపుస్తకాల్లో ఈ కథ ఇక్కడే ఆగిపోతుంది. అసలు అంకెలు మాత్రం అంత శుభ్రంగా లేవు. అడ్రినలిన్ తీసుకోని వాళ్లకూ, తీసుకుని కారణం తెలియని వాళ్లకూ మధ్య తేడా గట్టిగా నిలబడలేదు. 1979లో రెండు బృందాలు మళ్లీ ప్రయత్నిస్తే, కారణం తెలియని దడ పక్కవాడు ఎంత గంతులు వేసినా సంతోషంగా మారడానికి మొరాయించింది, ఇబ్బంది వైపే మొగ్గింది. అంటే ముడి సరుకుకు ఏ పేరు పడితే ఆ పేరు అతకదు. ఈ రంగంలో నేను అన్నిటికంటే ముందు గుర్తుంచుకునేది ఇదే.

1974 నాటి వంతెన ప్రయోగం సంగతి చాలామంది వినే ఉంటారు. కెనడాలో కపిలానో నది మీద రెండు వందల అడుగులకు పైగా ఎత్తున ఊగే వంతెన దాటుతున్న మగవాళ్లను ఒక యువతి పలకరించి, సందేహాలుంటే ఫోన్ చేయమని తన నంబరు ఇచ్చింది. పద్దెనిమిది మందిలో తొమ్మిది మంది ఫోన్ చేశారు. కదలని వంతెన దగ్గర నంబరు తీసుకున్న పదహారు మందిలో ఇద్దరే చేశారు. ఎత్తు వల్ల పుట్టిన దడను ఆకర్షణ అనుకున్నారని వివరణ. అంత ఊగే వంతెన ఎక్కేవాళ్లు అసలే కాస్త చొరవ ఉన్నవాళ్లు కావచ్చనే అభ్యంతరమూ ఉంది. సరదా కథే కానీ దాని మీద పెద్ద మేడ కట్టకూడదు.

ఇప్పుడు ఎక్కువగా వినబడేది అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లీసా ఫెల్డ్‌మన్ బారెట్ వాదన. మెదడు కపాలం అనే చీకటి పెట్టెలో ఉంటుంది. ఒంట్లోంచి దానికి అందే కబుర్లు అస్పష్టమైనవి: ఏదో బిగుసుకుంది, ఏదో వేగం పెరిగింది, అంతే. అది పాత అనుభవాల ఖాతా తిరగేసి, ఇప్పుడు ఇది ఫలానా అయి ఉంటుందని ముందే ఊహిస్తుంది. ఆ ఊహే మనకు ఉద్వేగంగా తెలుస్తుంది. ఆవిడ చెప్పే ఉదాహరణ సొంతదే. చదువుకునే రోజుల్లో, అంతగా ఇష్టం లేని ఒక సహవిద్యార్థి పిలిస్తే కాఫీకి వెళ్లారు. మాట్లాడుతుంటే ముఖం వేడెక్కింది, కడుపులో ఏదో కదిలింది. పొరపాటు పడ్డాను, ఇతనంటే నాకు ఇష్టమే కాబోలు అనుకుని మళ్లీ కలవడానికి ఒప్పుకున్నారు. ఇంటికి వెళ్లి వాంతి చేసుకున్నారు. తరువాత వారమంతా ఫ్లూతో మంచం మీదే.

ఉద్వేగం మన మీదికి వచ్చి పడేదా, మనం చేసేదా అనే ఈ తగవును తెలుగు వ్యాకరణం ఎప్పుడో రెండు వైపులా మోస్తోంది. 'నాకు చలి వేసింది, నాకు ఆకలి వేసింది, నాకు భయం వేసింది' అంటాం. 'నాకు జ్వరం వచ్చింది, నాకు కోపం వచ్చింది' అంటాం. ఇందులో మనిషి కర్త కాడు. భయం వేసేది, కోపం వచ్చేది. మనం వాటికి తగులుతాం, అంతే. అదే నోటితో 'ఊరికే కోపం తెచ్చుకోకు' అంటాం. తెచ్చుకోవడం సంచీ పట్టుకుని వెళ్లి చేసే పని. సొంత కోపం గురించి చెప్పేటప్పుడు 'వచ్చింది' అనీ, ఎదుటివాడి కోపం దగ్గరికి వచ్చేసరికి 'తెచ్చుకున్నాడు' అనీ అనడం మన న్యాయబుద్ధి. బారెట్ వాదనను ఒప్పుకుంటే మన కోపానికీ కాస్త 'తెచ్చుకోవడం' వర్తిస్తుంది. పూర్తిగా కాదు, కాస్త.

ఆ 'కాస్త' ఎంతో 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ కొలిచి చూశారు. కొత్త మనుషుల ముందు పాట పాడమని చెప్పి, పాడే ముందు కొందరితో 'నాకు ఆందోళనగా ఉంది' అనిపించారు, కొందరితో 'నాకు ఉత్సాహంగా ఉంది' అనిపించారు, కొందరితో ఏమీ అనిపించలేదు. స్వరం ఎంత సరిగ్గా పలికిందో వీడియో గేమ్ యంత్రమే లెక్కకట్టింది. ఆందోళన అన్నవాళ్లకు 53 శాతం, ఏమీ అననివాళ్లకు 69, ఉత్సాహం అన్నవాళ్లకు 81. గుండె వేగం మాత్రం తగ్గలేదు. తగ్గకపోవడమే ఇక్కడ కీలకం. మనం పరీక్షకు వెళ్లే పిల్లలకు ఏం చెబుతాం? 'టెన్షన్ పడకు, ప్రశాంతంగా ఉండు.' దడదడలాడే ఒంటిని ఉన్నపళంగా ప్రశాంతం చేయడం వేగంగా వెళ్లే బస్సును వెనక్కి నడపమనడమే. ఆందోళనకూ ఉత్సాహానికీ ఒంట్లో వేగం ఒక్కటే కాబట్టి ఆ మలుపు దగ్గర్లోనే ఉంది. ప్రశాంతత ఎక్కడో దూరాన ఉంది. 1979లో దడ సంతోషంగా మారలేదు కదా, ఇక్కడెలా కుదిరిందంటారా? అక్కడ పేరును పక్కవాడు అంటగట్టాడు. ఇక్కడ పాడబోయే మనిషికి ఎదుట నిజమైన పని ఉంది, ఉత్సాహం అనే పేరు ఆ పనికి అతికింది.

అమెరికాలో జీఆర్ఈ పరీక్షకు సిద్ధమవుతున్న విద్యార్థుల మీద జెరెమీ జేమీసన్ బృందం 2010లో ఇలాంటిదే చేసింది. నమూనా పరీక్షకు ముందు కొందరికి, పరీక్ష వేళ కలిగే ఒంటి కలవరం చెడు చేయదు, మేలు కూడా చేయవచ్చు అని చెప్పారు. వాళ్లకు గణితంలో మార్కులు మెరుగ్గా వచ్చాయి, తరువాత అసలు పరీక్షలో కూడా. ఆ తరువాత జరిగిన అనేక ప్రయోగాలను కలిపి చూస్తే లాభం ఉంది కానీ చిన్నదే. ఒక్క వాక్యంతో జీవితం మారిపోతుందని వేదికల మీద చెప్పే వాళ్లను నమ్మకండి. చదవని పాఠానికి ఉత్సాహం మార్కులు వేయదు.

ఈ పేరు మార్పు నిజంగా బలంగా పనిచేసేచోటు వేరే ఉంది, అది ప్యానిక్ అటాక్. 1986లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ దాని చక్రాన్ని విడమర్చారు. మెట్లెక్కడం వల్లో, కాఫీ వల్లో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. 'నాకు గుండెపోటు వస్తోంది' అని మనిషి దానికి పేరు పెడతాడు. ఆ పేరు వల్ల భయం, భయం వల్ల మరింత దడ, ఆయాసం, తల తిరగడం. అవన్నీ పెట్టిన పేరు నిజమేననడానికి సాక్ష్యాలవుతాయి. కొద్ది నిమిషాల్లో మనిషి చావు అంచున ఉన్నాననుకుంటాడు. చికిత్సలో ఒక భాగం చూస్తే నవ్వొస్తుంది: చికిత్సకుడి ఎదుటే కుర్చీలో గిరగిరా తిరగమంటారు, వేగంగా ఊపిరి తీయమంటారు, సన్నటి గొట్టంలోంచి గాలి పీల్చమంటారు. అవే లక్షణాలు కావాలని తెప్పించుకుని, ఏమీ కాకపోవడాన్ని ఒంటితోనే నేర్చుకోవడం. మాటతో 'ఇది గుండెపోటు కాదు' అని వందసార్లు చెబితే కుదరని పేరు మార్పు కుర్చీలో పదిసార్లు తిరిగితే కుదురుతుంది.

దీనికి మన ఊళ్లలో తిరగబడిన రూపం ఒకటుంది. ఛాతీలో నిజంగానే నొప్పి వస్తే 'గ్యాస్' అని పేరు పెట్టి సోడా తాగి పడుకోవడం. ఇదీ ఒంటి సంకేతానికి కొత్త అర్థం ఇవ్వడమే, కాకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లలో చక్కెర పడిపోయినప్పుడు చెమట, వణుకు, దడ వస్తాయి, అచ్చంగా భయంలాగే. థైరాయిడ్ ఎక్కువైనా అంతే. అలాంటప్పుడు ఉత్సాహం అని పేరు పెట్టుకుంటే లాభం లేదు. పేరు మార్చే ముందు మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ప్యానిక్ అని తేల్చేది కూడా పరీక్షలు చేశాకే.

ఇంతవరకూ పేరు మార్చడం గురించి. అసలు పేరు పెట్టడం వల్లనే ఒక ప్రయోజనం ఉంది. 2007లో మాథ్యూ లీబర్మన్ బృందం కోపంగా, భయంగా ఉన్న ముఖాల బొమ్మలు చూపిస్తూ మెదడు స్కాన్ చేసింది. ఆ ముఖంలోని ఉద్వేగానికి తగిన మాట ఎంచుకున్నప్పుడు, ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగంలో అలజడి తగ్గింది. 2012లో సాలీడంటే హడలిపోయే 88 మందిని ఒక పెద్ద బతికున్న సాలీడు దగ్గరికి తీసుకువెళ్లారు. కొందరిని 'ఆ చిన్న సాలీడు నన్నేమీ చేయలేదు' అని సర్దిచెప్పుకోమన్నారు. కొందరిని ఉన్నది ఉన్నట్టు 'ఆ అసహ్యమైన సాలీడు నా మీదికి దూకుతుందని భయంగా ఉంది' అనమన్నారు. వారం తరువాత మళ్లీ తీసుకువస్తే, భయాన్ని పేరు పెట్టి చెప్పినవాళ్ల చేతుల్లో చెమట తక్కువగా పట్టింది. ధైర్యం చెప్పుకున్నవాళ్ల కంటే భయాన్ని ఒప్పుకున్నవాళ్లే మెరుగయ్యారు. నాకు ఈ ప్రయోగం ఇష్టం, ఎందుకంటే ఇది పాజిటివ్ ఆలోచనల దుకాణాలకు గిట్టదు.

అయితే ఎంత సన్నటి పేరు పెడితే అంత మేలు. ఇక్కడ మన భాషలో నిధి ఉంది. కోపాన్నే తీసుకోండి. అలక అంటే బుజ్జగించే మనిషి ఉన్నాడన్న నమ్మకంతో పడే కోపం. సత్యభామ చేసింది అదే. బుజ్జగించేవాడు లేని చోట అలకకు అర్థమే లేదు. ఉక్రోషం ఏమీ చేయలేని వాడి కోపం, కళ్లలో నీళ్లకు అంగుళం దూరంలో ఉంటుంది. రోషం అభిమానం దెబ్బతిన్నప్పుడు వస్తుంది. అక్కసు చాలాకాలం లోపల దాచి, అదను చూసి వెళ్లగక్కేది. విసుగుకు ఎదుటివాడి తప్పే అక్కర్లేదు, నిద్ర చాలకపోతే చాలు. అన్నిటిలోనూ ఒళ్లు మండేది ఒక్క తీరే. కానీ ఒక్కో పేరు ఏం చేయాలో కూడా చెబుతుంది. విసుగు అయితే పడుకోవాలి, రోషం అయితే మాట్లాడి తేల్చుకోవాలి. తమ బాధల మధ్య తేడాలు సన్నగా గుర్తించగలిగేవాళ్లు బాధ ముదిరినప్పుడు తాగుడు వైపు తక్కువగా వెళతారని 2010లో టాడ్ కాష్డన్ బృందం గమనించింది.

అంత నిధిని పెట్టుకుని మనం ఇప్పుడు అన్నిటికీ ఒకే మాట వాడుతున్నాం, అది 'టెన్షన్'. పెళ్లికూతురికి టెన్షన్, ఇంటర్ పిల్లవాడికి టెన్షన్, బస్సు రాకపోతే టెన్షన్, కొడుకు ఫోన్ ఎత్తకపోతే టెన్షన్. బెంగ, ఆత్రం, దిగులు, కంగారు, బెరుకు అన్నీ దాని కిందే అణగిపోయాయి. 'ఫీలయ్యాడు' మరీ విచిత్రం. ఇంగ్లీషులో ఏ భావమైనా పట్టే మాట, తెలుగులోకి వచ్చేసరికి నొచ్చుకోవడం ఒక్కటే అయింది.

పరాయి మాట ఒంటికి తక్కువగా తగులుతుంది, అదీ ఒక కారణం కావచ్చు. 2003లో టర్కీ భాష, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లకు చిన్నప్పటి తిట్లు, మందలింపులు రెండు భాషల్లోనూ వినిపించి చర్మం మీది చెమట కొలిచారు. ముఖ్యంగా మందలింపులు అమ్మ భాషలో విన్నప్పుడు ఒళ్లు ఎక్కువగా స్పందించింది. డల్లాస్‌లో పెరిగిన తెలుగు పిల్లలను అడగండి, 'సిగ్గు లేదూ?' అన్న అమ్మ మాట ఎక్కడ తగులుతుందో చెబుతారు. మనం 'సారీ' రోజుకు పదిసార్లు అంటాం, 'క్షమించు' అనడానికి గొంతు పెగలదు. తేలిక కావాలనుకున్నప్పుడు పరాయి మాట మంచి గొడుగే. లోపల ఏముందో తెలుసుకోవాలంటే మాత్రం గొడుగు దించి తడవాలి.

ఇంకొక మాట చెప్పక తప్పదు. తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోయేదాకా చదివించే హాస్టల్లో పిల్లవాడికి గుండె దడ వస్తే, దాన్ని ఉత్సాహం అనుకోమని చెప్పడం దగా. జీతం ఎగ్గొట్టిన యజమాని మీద వచ్చే కోపాన్ని ఊపిరి లెక్కపెట్టి చల్లార్చుకోమనడమూ అంతే. అక్కడ ఒళ్లు పెట్టిన పేరే సరైనది, మారాల్సింది ఎదుట ఉన్నది. ఏది ఎప్పుడో తేల్చుకోవడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే, పేరు పెట్టడంలో తొందరపడకపోవడం.

మా చెల్లెలి కూతురికి ఎనిమిదేళ్లు. ఒక సోమవారం పొద్దున కడుపు నొప్పి అంది. మా చెల్లెలు వాము నీళ్లు తాగించి బడికి పంపింది. మంగళవారం మళ్లీ నొప్పి, మళ్లీ వాము నీళ్లు. బుధవారం, బడి ఎగ్గొట్టడానికి వేషాలని రెండు చీవాట్లు. గురువారం ఎందుకో పక్కన కూర్చుని, 'నొప్పిగా ఉందా తల్లీ, భయంగా ఉందా?' అని అడిగింది. పిల్ల కాసేపు ఆలోచించి, లెక్కల టీచర్ ఎక్కాలు తప్పు చెప్పిన వాళ్లను బెంచీ ఎక్కిస్తున్నారని చెప్పింది. తరువాత అడిగింది: 'భయం కడుపులో కూడా ఉంటుందా అమ్మా?'

'ఉంటుంది.'

'మరి వాము నీళ్లు ఎందుకు ఇచ్చావు?'